సమ్మర్ కోడింగ్, రోబోటిక్స్ క్యాంపులో పిల్లల్ని చేర్చే ముందు ఏం చూడాలి?

మీరు అడిగినది క్లుప్తంగా: ఉండేది కూకట్‌పల్లి. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి అయిపోయింది. పాపకి ఐదున్నర, యూకేజీ అయింది. మీ వీధి చివర మూడు వారాల సమ్మర్ క్యాంపు పెడుతున్నారు, రోజూ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా. ఒక్కొక్కరికి 12,000, కిట్‌కి వేరే 6,500. పైథాన్ (టైపు చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష), రోబోటిక్స్, డ్రోన్, ఏఐ, యాప్ తయారీ అన్నీ నేర్పుతామని, చివరి రోజు ప్రతి పిల్లా సొంత రోబో చేసి చూపిస్తారని కరపత్రంలో వేశారు. అపార్ట్‌మెంట్‌లో అందరూ చేరుస్తున్నారు, మనవాళ్లు వెనకబడతారేమోనని టెన్షన్. ఇంట్లో ఆఫీసు ల్యాప్‌టాప్ తప్ప కంప్యూటర్ లేదు. ఇద్దర్నీ చేర్చాలా, కిట్ కొనాలా అన్నది ప్రశ్న.

నేను బళ్లో కంప్యూటర్లు చెబుతాను. చాలా ఏళ్లుగా వేసవిలో ఇలాంటి క్యాంపుల్లో పిల్లలకు నేర్పుతున్నాను కాబట్టి లోపలి సంగతులు తెలిసే చెబుతున్నాను.

ముందు టెన్షన్ సంగతి. తొమ్మిదేళ్లకి కోడింగ్ రాకపోతే ఎవరూ వెనకబడరు. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌తో కూడిన పనుల్ని మిడిల్ స్టేజిలో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో పెట్టమంది. బాబు ఇంకా ఐదులోకి వెళ్తున్నాడు. పక్కింటివాళ్లు చేర్చారనే కారణం మీద మాత్రం చేర్చకండి. అలాగని క్యాంపు దండగ అని నేననను. మంచి క్యాంపులో మూడు వారాలు గడిపిన పిల్లలో ఒక మార్పు వస్తుంది: చేసిన పని చెడితే ఏడవకుండా, ఎవరినీ పిలవకుండా, ఎక్కడ చెడిందో తనే వెతకడం మొదలుపెడుతుంది. ఆ అలవాటు లెక్కల్లో పనికొస్తుంది, సైన్సులో పనికొస్తుంది. నా దృష్టిలో ఇంత డబ్బు పోసి పంపాల్సింది దాని కోసమే. కాబట్టి మీరు ఏ క్యాంపుకెళ్లి చూసినా ఒక్క విషయం గమనించండి. రోబో కదలనప్పుడు తప్పు ఎవరు వెతుకుతున్నారు, పిల్లా, సారా? మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు మేం మొదట నేర్పేది స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో విడుదల చేసింది. పూర్తిగా ఉచితం. 8 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం ఉద్దేశించింది. రంగురంగుల దిమ్మల్ని మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారవుతుంది. మొదటి వారంలో దాదాపు అందరూ చేసే ఆట ఒకటుంది: పిల్లి ఎలుకను పట్టుకోవాలి, పట్టుకుంటే స్కోరు ఒకటి పెరగాలి. పిల్లలు "ఎలుకను తాకితే స్కోరు ఒకటి పెంచు" అని దిమ్మ పెడతారు. ఆట మొదలుపెడతారు. పిల్లి వెళ్లి ఎలుక మీద కూర్చున్నా స్కోరు సున్నాయే.

ఏమైంది? కంప్యూటర్ ఆ ప్రశ్నను ఆట మొదలైన క్షణంలో ఒక్కసారి అడిగింది. అప్పటికి తాకలేదు. అక్కడితో దాని పని అయిపోయింది. మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండాలంటే ఆ దిమ్మను "ఫరెవర్" అనే దిమ్మ లోపల పెట్టాలి. సరే, పెడతారు. ఇప్పుడు పిల్లి ఎలుకను తాకీ తాకగానే స్కోరు ఒకటికి బదులు ఇరవై, ముప్పై, నలభై అలా పరిగెత్తుతుంది. ఎందుకంటే స్క్రాచ్ ఆ ప్రశ్నను సెకనుకి సుమారు ముప్పైసార్లు అడుగుతోంది, తాకి ఉన్నంతసేపూ ప్రతిసారీ ఒకటి కలుపుతోంది. పట్టుకోగానే ఎలుకను వేరే చోటికి పంపేస్తే సమస్య తీరుతుంది.

ఈ మొత్తం వ్యవహారం సార్ వచ్చి సరిచేస్తే అర నిమిషం. పిల్ల తనంతట తను కనుక్కుంటే అరగంట, ఒక్కోసారి గంట. ఆ గంటలో క్యాంపు సార్ చేయాల్సింది పక్కన కూర్చుని ప్రశ్నలు అడగడం. "స్కోరు ఎప్పుడు పెరగాలనుకున్నావు? ఎప్పుడు పెరుగుతోంది? పిల్లి ఎలుక మీద ఉన్నంతసేపూ కంప్యూటర్ ఏం చేస్తుందనుకుంటున్నావు?" ఇలా. మౌస్ మీద చెయ్యి వేయకూడదు. నేను కొత్తగా చేరే టీచర్లకు చెప్పే మొదటి మాట అదే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమని. ఇది వినడానికి తేలిక. ఇరవై మంది పిల్లలు ఒకేసారి "సార్, రావట్లేదు" అని అరుస్తుంటే చేయడం చాలా కష్టం. అందుకే పిల్లలకీ టీచర్లకీ మధ్య నిష్పత్తి అడగండి. తొమ్మిదేళ్ల పిల్లలైతే ఎనిమిది మందికి ఒకరు, ఐదారేళ్ల వాళ్లయితే ఐదుగురికి ఒకరు ఉండాలని నా లెక్క. పాతిక మందికి ఒక సారు, ఒక ఆయా ఉన్నచోట ఆయన ఎంత తెలివైనవాడైనా పిల్లల చేతిలోంచి మౌస్ లాక్కుని తనే చేసేస్తాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, టైము చాలదు.

ఇక కరపత్రంలోని జాబితా. ఆదివారాలు తీసేస్తే పద్దెనిమిది రోజులు. మంచినీళ్లు, టిఫిను, ఆటలు పోను చేతికొచ్చేది సుమారు యాభై గంటలు. ఆ యాభై గంటల్లో పైథాన్, డ్రోన్, ఏఐ, యాప్ అన్నీ అంటే ఏదీ ఒంటబట్టదు. నాలుగో తరగతి పిల్లవాడికి పైథాన్ వద్దనే నా సలహా. కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేయాలి. ఒక్క కోలన్ మర్చిపోతే ఇంగ్లీషులో ఎర్రటి ఎర్రర్ వస్తుంది. అది చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషు ఆ వయసులో చాలామందికి ఉండదు. అప్పుడేం చేస్తాడు? బోర్డు మీద సార్ రాసింది చూసి ఎక్కిస్తాడు. సర్టిఫికెట్‌లో పైథాన్ అని ఉంటుంది, పిల్లవాడి బుర్రలో ఉండదు. ఆరో తరగతి దాటాక, టైపింగ్ చేతికి వచ్చాక మొదలుపెడితే అదే పైథాన్ సులువుగా ఎక్కుతుంది.

స్క్రాచ్‌లో కూడా వయసుకి మించిన అడ్డంకులు లేకపోలేదు. తెర మధ్య సున్నా, కుడివైపు 240 దాకా, ఎడమవైపు మైనస్ 240 దాకా. పైకి 180, కిందికి మైనస్ 180. రుణ సంఖ్యలు బళ్లో చెప్పేది ఆరో తరగతిలో. మీ బాబు వాటిని ఇంకా చూసి ఉండడు. మంచి టీచరైతే దానికి దారి వెతుకుతారు. అపార్ట్‌మెంట్ పిల్లలకు లిఫ్టు చూపిస్తే చాలు, గ్రౌండ్ ఫ్లోర్ సున్నా, సెల్లార్ మైనస్ ఒకటి. చెడ్డ క్యాంపులో "మైనస్ 200 అని కొట్టండి, ఎందుకని అడగొద్దు" అంటారు. డెమో క్లాసులో మీరు కూర్చోగలిగితే ఇలాంటి చోట టీచర్ ఏమంటున్నారో వినండి. బోలెడు అర్థమవుతుంది.

కోణాలూ అంతే. కానీ ఇక్కడ మనకి ఒక మంచి వసతి ఉంది, ముగ్గులు. స్క్రాచ్‌లో పెన్ అనే అదనపు భాగం కలుపుకుంటే బొమ్మ నడిచిన దారి గీతగా పడుతుంది. "80 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు" అన్నది నాలుగుసార్లు చేయిస్తే చతురస్రం. ఆ చతురస్రం గీసి 10 డిగ్రీలు తిరగడం అన్నది 36 సార్లు చేయిస్తే చుట్టూ తిరిగొచ్చి పెద్ద పువ్వు ముగ్గు అవుతుంది. 36 ఎందుకు? పదుల చొప్పున తిరుగుతూ 360 పూర్తి కావాలి కాబట్టి. 36 బదులు 35 పెడితే ఒక రెక్క తగ్గుతుంది. 10 బదులు 15 పెడితే ఎన్నిసార్లు తిప్పాలని అడిగితే, ఇంకా భాగహారం సరిగా రాని పిల్లలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి 24 అని చెబుతారు. లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం ఏమిటో విడిగా పాఠం చెప్పక్కర్లేదు. నేను ఎన్ని రకాల ప్రాజెక్టులు చేయించినా పిల్లలు ఇంటికెళ్లి మళ్లీ మళ్లీ చేసుకునేది ఇదే, అమ్మమ్మలు పక్కన కూర్చుని చూసేదీ ఇదే.

రోబోటిక్స్ విషయానికొస్తే, ఈ వయసుకి నా మొదటి ఎంపిక మైక్రోబిట్. బీబీసీ 2016లో బ్రిటన్ బళ్లలో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు ఉచితంగా పంచడానికి చేయించిన చిన్న కంప్యూటర్ బోర్డు. దాని మీద 25 చిన్న లైట్లు, రెండు బటన్లు ఉంటాయి. కదిపితే తెలుసుకుంటుంది, 2020లో వచ్చిన రెండో రకంలో మైకు, స్పీకరు కూడా ఉన్నాయి. స్క్రాచ్ లాంటి దిమ్మలతోనే నడుస్తుంది, కాబట్టి వైర్ల గొడవ లేకుండా మొదటి రోజే ఏదో ఒకటి పనిచేసి చూపిస్తుంది. ఆర్డుయినో అనే ఇలాంటి ఇంకో బోర్డు కూడా మంచిదే, 2005లో ఇటలీలో పుట్టింది, మన దగ్గర చవగ్గా దొరుకుతుంది. కానీ బ్రెడ్‌బోర్డు అనే చిల్లుల పలక మీద సన్న వైర్లు గుచ్చడం తొమ్మిదేళ్ల వేళ్లకు కాస్త చికాకు. పదకొండు దాటాక హాయిగా చేస్తారు.

క్యాంపుల్లో ఎక్కువగా చేయించేది గీత వెంట నడిచే బండి. తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి దారి వేస్తారు. బండి ముందు భాగంలో రెండు ఐఆర్ సెన్సార్లు కిందికి చూస్తుంటాయి. కంటికి కనబడని పరారుణ కాంతిని అవి కిందికి పంపుతాయి. తెలుపు తిప్పి కొడుతుంది, నలుపు మింగేస్తుంది. ఏ సెన్సార్ కింద నలుపొస్తే బండి అటు తిరగాలి. చాలా చక్కటి ప్రాజెక్టు. అయితే మన ఎండల్లో ఇందులో ఒక తమాషా జరుగుతుంది. తొమ్మిదిన్నరకి గది మధ్యలో బాగా నడిచిన బండి, పదకొండుకి కిటికీ పక్కకు మారిస్తే పిచ్చిపట్టినట్టు అటూఇటూ పోతుంది. ప్రోగ్రాం మారలేదు, వైర్లు ఊడలేదు, బ్యాటరీ కొత్తదే. కారణం ఎండ. సూర్యకాంతిలో పరారుణం బోలెడు ఉంటుంది, అది సెన్సార్ మీద పడి నలుపును కూడా తెలుపనిపిస్తుంది.

ఈ తప్పు పిల్లలు కనుక్కోవడం చూడ్డానికి నాకు చాలా ఇష్టం. మొదట ప్రోగ్రాం అంతా తిరగేస్తారు. తర్వాత చక్రాలు పీకి మళ్లీ పెడతారు. ఎవరో ఒకరు బండి మీదికి వంగి చూస్తారు, వాళ్ల తల నీడ పడగానే బండి సరిగ్గా నడుస్తుంది. లేవగానే మళ్లీ తప్పుతుంది. మళ్లీ వంగుతారు, మళ్లీ నడుస్తుంది. అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. కొందరు పరదా వేద్దామంటారు, కొందరు సెన్సార్ చుట్టూ నల్ల కాగితం గొట్టంలా అతికిస్తారు, ఇంకొందరు సెన్సార్ మీదున్న చిన్న నీలం పెట్టెను స్క్రూడ్రైవర్‌తో తిప్పి సున్నితత్వం తగ్గిస్తారు. మూడూ పనిచేస్తాయి. "కిటికీ మూసేయండ్రా" అని సార్ ముందే చెప్పేస్తే బండి నడుస్తుంది, కానీ ఆ పిల్లకి ఆ రోజు దక్కాల్సింది దక్కదు.

ఇంకొక మామూలు సమస్య బ్యాటరీ. చాలా చవక కిట్లలో తొమ్మిది వోల్టుల చిన్న పెట్టె బ్యాటరీ ఇస్తారు. పొగ అలారాలకు, మల్టీమీటర్లకు వాడే రకం. మోటార్లు లాగే కరెంటును అది ఇవ్వలేదు. కాసేపు నడిచి నీరసపడిపోతుంది, పిల్లలేమో తమ ప్రోగ్రాంలోనే తప్పుందని బాధపడతారు. మామూలు డబుల్ ఏ సెల్లులు నాలుగు పెట్టే డబ్బా ఉన్న కిట్ చాలా నయం.

ఇది భద్రత దాకా తీసుకెళ్తుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కొన్నిచోట్ల 18650 అనే లిథియం సెల్లులు విడిగా పిల్లల చేతికిస్తున్నారు. రెండు కొనలూ పొరపాటున వైరుతో కలిస్తే అవి క్షణాల్లో కాలిపోయేంత వేడెక్కుతాయి, మంట కూడా రావచ్చు. తొమ్మిదేళ్ల పిల్లలకి విడి లిథియం సెల్లులు ఇవ్వకూడదు. నాణెం ఆకారంలో ఉండే బటన్ సెల్లులున్న ప్రాజెక్టు ఇంటికి తెస్తే పాపకి అందకుండా పెట్టండి. మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. సోల్డరింగ్ (వైర్లకు టంకం వేయడం) ఈ వయసుకి అక్కర్లేదు. డ్రోన్ అంటే ఈ వయసు పిల్లలకు సార్ ఎగరేస్తే చూడడమే, దానికి విడిగా డబ్బు కట్టకండి. గదిలో కూలరో ఏసీనో ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, మంచినీళ్లు ఎక్కడ, బాత్రూం ఎలా ఉంది, పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారు, ఇవి మీరే వెళ్లి కళ్లారా చూసుకోండి. మేలో పన్నెండున్నరకి బయటికొచ్చే పిల్లలు కాబట్టి తీసుకెళ్లేవాళ్లు టైముకి రావాలి.

ఫొటోల సంగతి కూడా అడగండి. రోజూ పిల్లల వీడియోలు తీసి ప్రచారానికి సోషల్ మీడియాలో పెట్టే క్యాంపులున్నాయి. మీకు ఇష్టం లేకపోతే చేర్చే రోజే రాసివ్వండి. స్క్రాచ్ అకౌంట్ తెరిచేటప్పుడు పిల్లవాడి అసలు పేరు, బడి పేరు వాడకుండా చూడండి.

ఏఐ గురించి. తొమ్మిదేళ్లకి ఏఐ నేర్పడమంటే చాట్ యాప్‌తో కబుర్లు చెప్పించడం కాదు. గూగుల్ వాళ్ల టీచబుల్ మెషీన్ అని ఒకటుంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, అకౌంట్ అక్కర్లేదు. మేలో దాంతో మామిడిపళ్లతో ఆడిస్తాను. బంగినపల్లి కొన్ని, తోతాపురి కొన్ని కెమెరాకి చూపించి రెండు పేర్లు నేర్పుతారు. తర్వాత కొత్త పండు చూపిస్తే చెబుతుంది. ఇక్కడ కావాలనే బంగినపళ్లన్నీ నీలం గుడ్డ మీద పెట్టి, తోతాపురులన్నీ చెక్క బల్ల మీద పెట్టి ఫొటోలు తీయిస్తాను. ఆ తర్వాత తోతాపురిని నీలం గుడ్డ మీద పెడితే, అది చాలాసార్లు బంగినపల్లి అంటుంది. పండుతో పాటు గుడ్డను కూడా నేర్చుకుంది మరి. "దానికి మనం ఏం చూపించామో అదే నేర్చుకుంది" అని పిల్లలే అంటారు. ఏఐ మీద ఈ వయసుకి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు. మీ క్యాంపువాళ్లను ఏఐలో ఏం చేయిస్తారని అడగండి. ఇలాంటి ఒక్క పని వర్ణించి చెప్పగలిగితే సరే.

పాప సంగతి వేరు. ఐదున్నరేళ్ల పిల్లను తొమ్మిదేళ్లవాళ్లతో కలిపి కూర్చోబెడితే ఆ మూడు వారాలూ ఎవరి ల్యాప్‌టాప్ వంకో చూస్తూ కూర్చుంటుంది. చిన్నవాళ్లకి విడి బ్యాచ్ ఉండాలి, అది కూడా గంటన్నరకి మించకూడదు, అందులో తెర ముందు అరగంట చాలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకి గంటకి మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, మీ పాప ఆ వయసు దాటి ఎంతో కాలం కాలేదు. విడి బ్యాచ్ లేకపోతే ఈ ఏడాది పంపకండి.

ఆ వయసుకి కోడింగ్ నేల మీద మొదలవుతుంది. సుద్దముక్కతో గచ్చు మీద తొక్కుడుబిళ్ల గళ్లలాంటివి గీయండి. ఒక పిల్ల రోబో, ఇంకో పిల్ల చెప్పేది. "ముందుకి ఒక గడి, కుడికి తిరుగు, ముందుకి రెండు గడులు." దారిలో చెప్పులు అడ్డం పెట్టండి. ఇక్కడ తప్పకుండా ఒక తికమక వస్తుంది. రోబో తనకి ఎదురుగా వస్తున్నప్పుడు చెప్పే పిల్ల కుడి అంటుంది, కానీ రోబో కుడి ఆమెకి ఎడమ. ఐదారేళ్ల పిల్లలందరికీ ఇది కష్టమే. కాసేపటికి ఆ పిల్లలు తమంతట తామే లేచి, రోబో వెనక్కి వెళ్లి, అదే వైపు తిరిగి నిలబడి, చెయ్యెత్తి చూసుకుని అప్పుడు చెబుతారు. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలని 1967లో లోగో భాషను తయారుచేసినవాళ్లలో ఒకరైన సేమూర్ పాపర్ట్ ఈ సంగతినే పట్టుకున్నారు. లోగోలో మనం చెప్పినట్టు తెర మీద కదిలే తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే నువ్వే తాబేలువై గదిలో నడిచి చూడు అని పిల్లలకు చెప్పేవారు. యాభై ఏళ్లు దాటినా ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు.

ఇంట్లో చేయించగలిగినది ఇంకొకటి: నిమ్మకాయ షర్బత్ ఎలా చేయాలో ఇద్దర్నీ ఒక్కో మెట్టుగా చెప్పమనండి, మీరు రోబోలాగా చెప్పింది చెప్పినట్టు చేయండి. "నిమ్మకాయ పిండు" అంటే కోయకుండానే పిండండి. "చక్కెర వెయ్యి" అంటే ఎంతో చెప్పలేదు కాబట్టి డబ్బా ఎత్తి వంచబోండి. వాళ్లు గోలపెట్టి ఆపి, మళ్లీ సరిగ్గా చెబుతారు. బాబుని రాయమనండి, పాప మీరు చేసేది చూసి తప్పు పట్టుకుంటుంది. ట్యాబ్ ఉంటే పాప కోసం స్క్రాచ్‌జూనియర్ వేయండి. 2014లో వచ్చింది, ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం, ఉచితం, చదవడం రాకపోయినా బొమ్మలతో నడుస్తుంది. ఫోన్ కోసం చేసింది కాదు, ట్యాబ్ కావాలి. ట్యాబ్ లేకపోతే దాని కోసం కొనకండి, సుద్దముక్క చాలు.

చివరి రోజు ప్రదర్శన గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పాతిక మంది పిల్లలు, పాతిక ఒకేలాంటి రోబోలు, అన్నీ నడుస్తున్నాయి, తల్లిదండ్రులు వీడియోలు తీసుకుంటున్నారు. ఇలాంటిది చూస్తే నాకు అనుమానమే. పిల్లలు నిజంగా సొంతంగా చేస్తే పాతిక ఒకేలా ఉండవు, అన్నీ నడవవు కూడా. ముందురోజు రాత్రి సార్లు కూర్చుని అన్నీ సరిచేసి పెట్టే చోట్లు నాకు తెలుసు. పోయిన ఏడాది ప్రదర్శన వీడియోలు ఉంటే చూపించమని అడగండి. పిల్లలు మాట్లాడుతున్నారా, సార్ మాట్లాడుతున్నారా చూడండి. "ఇది పనిచేయడానికి నేను రెండు రోజులు తిప్పలు పడ్డాను, వైరు తప్పు చోట గుచ్చాను" అని ఒక్క పిల్లైనా చెబుతుంటే ఆ క్యాంపు మంచిదే.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట, మీ పాపకి ఇంకో రెండుమూడేళ్లలో పనికొస్తుంది. ఒక కిట్‌కి ఇద్దరు పిల్లలు ఉండడం తప్పు కాదు, నిజానికి ఒకరితో ఒకరు వాదించుకుంటూ చేస్తేనే బాగా వస్తుంది. కానీ టీచర్ పట్టించుకోకపోతే అబ్బాయి మౌస్ పట్టుకుంటాడు, అమ్మాయి బ్యాటరీ పట్టుకుని నిలబడుతుంది, మూడు వారాలూ అలాగే గడిచిపోతాయి. పదిహేను నిమిషాలకోసారి చేతులు మార్చాలన్న నియమం క్యాంపులో ఉందో లేదో అడగండి. నేను గోడ మీద గడియారం పెట్టి మరీ మార్పిస్తాను.

భాష కూడా చూడండి. టీచర్ తెలుగులో వివరించగలిగితే పిల్లలు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. లూప్, సెన్సార్, మోటార్ లాంటి మాటలు ఎలాగూ అవే వాడతాం, "ఎందుకు" అన్నది మాత్రం ఇంటి భాషలో నడవాలి. మొదటి వారం తర్వాత బాబుని నాన్నమ్మకో తాతయ్యకో తను చేసింది తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. "సార్ ఇలా పెట్టమన్నారు" అన్న దగ్గరే ఆగిపోతుంటే వెళ్లి సారుతో మాట్లాడండి. రోజూ ఇంటికి రాగానే ఏం నేర్చుకున్నావని అడిగితే "రోబో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ రోజు ఏది పనిచేయలేదు అని అడగండి, కథంతా బయటికొస్తుంది.

ఇక డబ్బు. బాబుని చేర్చండి, కానీ ముందు రెండు రోజులు డెమో అడిగి, నేను చెప్పినవి చూసుకుని, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకుని కట్టండి. 12,000 భారమనిపిస్తే ఇంకో దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో పదివేల బళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టారు. ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చారు. త్రీడీ ప్రింటర్లు, సెన్సార్లు, ఎలక్ట్రానిక్ కిట్లు ఉంటాయి. అవి 6 నుంచి 12 తరగతుల వాళ్ల కోసం, కాబట్టి బాబుకి వచ్చే ఏడాది తర్వాత పనికొస్తాయి. ఆరో తరగతికి బడి మార్చే ఆలోచన ఉంటే ఆ బళ్లో ఈ ల్యాబ్ ఉందా, ఉంటే తాళం వేసి ఉంటుందా, పిల్లలు వాడుతున్నారా అని అడగండి.

కిట్ ఇప్పుడు కొనకండి. క్యాంపులో వాడటానికి క్యాంపు కిట్లే ఉండాలి, అది ఫీజులో భాగం. ఇంటికి తెచ్చిన కిట్‌తో క్యాంపులో చేసిందే మళ్లీ చేసి మంచం కిందికి తోసేసే పిల్లలే ఎక్కువ. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదైనా వేయాలంటే ముందు కంపెనీ అనుమతి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వాడిన ల్యాప్‌టాప్ పాతదైనా స్క్రాచ్‌కి సరిపోతుంది. ఇంటర్నెట్ లేకపోయినా నడిచే స్క్రాచ్ యాప్ కూడా ఉచితంగానే దొరుకుతుంది, ఒకసారి దించుకుంటే చాలు. క్యాంపు అయ్యాక ఒక నెల ఆగండి. అప్పటికీ బాబు తనే వచ్చి "నాకు ఫలానాది చేయాలనుంది, మోటారు కావాలి" అని అడిగితే, ఆదివారం కాకుండా ఒక మామూలు రోజు చూసుకుని ఇద్దరూ కలిసి ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులుండే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఏమేం కావాలో చీటీ వాడినే రాయనివ్వండి: పసుపు రంగు గేరు మోటార్లు రెండు, చక్రాలు, మోటార్లను నడిపే డ్రైవర్ బోర్డు, నాలుగు సెల్లుల డబ్బా, ఒక చిన్న సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు), కలపడానికి జంపర్ వైర్లు. విడివిడిగా కొంటే ఆ 6,500లో చాలా భాగం మీ చేతిలోనే మిగులుతుంది. కొనే ముందు మోటార్లు షాపులోనే సెల్లు పెట్టి తిప్పి చూపించమనండి.